కొత్తగా బాగుచేసిన స్విమ్మింగ్ పూల్‌లో పీహెచ్ ఎందుకు పెరుగుతుంది? తొలి 28 రోజులు ఏం చేయాలి?

వేసవి దగ్గర పడుతుంటే అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు, క్లబ్బులు, మున్సిపల్ ఈత కొలనుల్లో మరమ్మతులు మొదలవుతాయి. పాత ప్లాస్టర్ చెక్కేసి కొత్తది వేస్తారు. లేదంటే ఊడిన టైల్స్ తీసి కొత్తవి అతికించి, సందులను సిమెంటు గ్రౌట్‌తో నింపుతారు. నీళ్లు పట్టాక పూల్ అద్దంలా మెరుస్తుంది.

రెండు మూడు రోజులకే చిక్కు మొదలవుతుంది. యాసిడ్ వేసి పీహెచ్‌ను 7.4కు దించితే మర్నాటికి 8.2కు చేరుతుంది. మళ్లీ వేస్తే మళ్లీ పెరుగుతుంది. అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. దిగిన పిల్లలు కళ్లు మండుతున్నాయంటారు. క్లోరిన్ ఎక్కువ వేశారని కొందరు, కాంట్రాక్టర్ నాసిరకం సిమెంటు వాడాడని మరికొందరు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వాదించుకుంటారు.

చాలాసార్లు అసలు కారణం ఆ రెండూ కాదు. కొత్త సిమెంటు పని జరిగిన ఏ పూల్‌లోనైనా కొన్ని వారాల పాటు పీహెచ్ పెరగడం సహజం. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం లక్షలు పోసి వేయించిన ఉపరితలం పాడవుతుంది, ఈతకు దిగేవారికి నీరు సురక్షితంగా ఉండదు. ఎందుకిలా జరుగుతుంది? ఎలా అదుపు చేయాలి? ఏం చేయకూడదు? తెలుసుకుందాం.

పీహెచ్ ఎంత ఉండాలి?

నీటికి ఆమ్ల గుణం ఎక్కువా, క్షార గుణం ఎక్కువా అని చెప్పే కొలత పీహెచ్. 7 తటస్థం. అంతకంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇందులో ఒక అంకె తేడా అంటే పది రెట్ల తేడా. అందుకే 7.4కూ 8.4కూ మధ్య ఉన్నది చిన్న తేడా కాదు.

క్లోరిన్‌తో శుద్ధి చేసే పూల్‌లో పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో ఈత కొలనుల నీటి నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 3328 అనే ప్రమాణాన్ని ఇచ్చింది. రోజువారీ నిర్వహణలో 7.4-7.6 దగ్గర ఉంచుకుంటే అటూ ఇటూ కొంత వెసులుబాటు ఉంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 వరకు ఉండొచ్చు. అంటే తాగడానికి పనికొచ్చే నీరు కూడా పూల్‌లో నింపే సమయానికే ఉండాల్సిన దానికంటే ఎక్కువ పీహెచ్‌తో ఉండొచ్చు.

కొత్త పూల్‌లోనే ఎందుకు పెరుగుతుంది?

కొత్తగా సంపు కట్టించిన ఇళ్లలో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. మొదట నింపిన నీటిని వాడరు. సున్నం వాసన, చప్పటి జిడ్డు పోయేదాకా రెండు మూడు సార్లు నింపి తోడి పారబోస్తారు. పూల్‌లో జరిగేదీ అదే.

సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. ఇది మనం గోడలకు వేసే తడి సున్నమే. దీని పీహెచ్ 12కు పైనే. ప్లాస్టర్ పైపొరలో ఉన్న ఈ సున్నం కొద్దికొద్దిగా నీటిలో కరుగుతూ పీహెచ్‌ను పైకి నెడుతుంది. మొదటి వారంలో ఈ జోరు ఎక్కువ. సిమెంటు గట్టిపడే ప్రక్రియలో ప్రధాన భాగం 28 రోజుల్లో పూర్తవుతుంది కాబట్టి క్రమంగా తగ్గుతూ వస్తుంది. ఆ తర్వాత కూడా కొంతకాలం స్వల్పంగా కొనసాగొచ్చు.

కరిగిన సున్నం నీటిలోని బైకార్బొనేట్‌తో కలిస్తే కాల్షియం కార్బొనేట్ ఏర్పడుతుంది. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో గాలి ఊదితే పాలలా తెల్లబడటం చూసే ఉంటారు. ఆ తెలుపే పూల్ అడుగున కనిపించే పొడి. దాన్ని రోజూ తీసేయకపోతే అక్కడే అతుక్కుని గరుకు పొరగా మారుతుంది.

పీహెచ్ పెరిగితే నష్టమేంటి?

మొదటి నష్టం ఆరోగ్యపరమైనది. క్లోరిన్ నీటిలో కలిశాక రెండు రూపాల్లో ఉంటుంది. సూక్ష్మజీవులను చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది హైపోక్లోరైట్, దాని శక్తి చాలా తక్కువ. పీహెచ్ పెరిగేకొద్దీ మొదటి రూపం తగ్గిపోతుంది. సైనూరిక్ ఆమ్లం కలవని నీటిలో ఈ వాటా సుమారుగా ఇలా ఉంటుంది:

- పీహెచ్ 7.2 వద్ద: 66 శాతం
- పీహెచ్ 7.5 వద్ద: 50 శాతం
- పీహెచ్ 7.8 వద్ద: 33 శాతం
- పీహెచ్ 8.0 వద్ద: 24 శాతం
- పీహెచ్ 8.5 వద్ద: 9 శాతం

అంటే క్లోరిన్ కిట్‌లో ‘2 పీపీఎం’ అని చూపిస్తున్నా, పీహెచ్ 8.5 ఉంటే అందులో గట్టిగా పనిచేసేది పదో వంతు కూడా లేదన్నమాట. అందుకే ‘క్లోరిన్ సరిపడా ఉంది’ అన్న మాటను పీహెచ్ అంకె లేకుండా నమ్మకూడదు.

రెండోది, పీహెచ్ ఎక్కువైతే కళ్లు, చర్మం మండుతాయి. మూడోది, నీరు మసకబారుతుంది. ఇది అందానికి సంబంధించిన విషయమే అనుకోవద్దు. మునుగుతున్న పిల్లవాడు లైఫ్‌గార్డుకు కనిపించకపోవచ్చు. నాలుగోది, గోడలు, మెట్లు, పైపులు, ఫిల్టర్ ఇసుకపై సున్నపు పొర పడుతుంది. బోరు నీటిలో ఇనుము ఉంటే గోధుమ రంగు మరకలూ వస్తాయి. కొత్త ప్లాస్టర్‌పై పడిన మరకలు ఒక పట్టాన పోవు.

మీ పూల్‌కు ఇది వర్తిస్తుందా?

అన్ని పూల్స్‌లోనూ ఒకేలా జరగదు. ఏ పని చేయించారన్నదాన్ని బట్టి మారుతుంది.

- సిమెంటు ప్లాస్టర్ నేరుగా నీటికి తగిలేలా ఉంటే ప్రభావం అన్నింటికంటే ఎక్కువ.
- టైల్స్ వేసి సిమెంటు గ్రౌట్ నింపితే, నీటికి తగిలే సిమెంటు సందుల్లోనే ఉంటుంది కాబట్టి ప్రభావం తక్కువ. చిన్న చిన్న మొజాయిక్ టైల్స్ అయితే సందులు ఎక్కువ, ప్రభావమూ ఎక్కువే.
- ఎపాక్సీ గ్రౌట్ వాడితే దాని నుంచి సున్నం రాదు.
- ఫైబర్‌గ్లాస్, వినైల్ పూల్స్‌లో ఉపరితలం వల్ల పీహెచ్ పెరగదు. పెరిగితే కారణం వేరే చోట వెతకాలి.

నీళ్లు ఎప్పుడు నింపాలన్నదీ దీన్ని బట్టే ఉంటుంది. సిమెంటు ప్లాస్టర్ నీటి కిందే గట్టిపడాలి. ఎండకు ఆరితే పగుళ్లిస్తుంది కాబట్టి కాంట్రాక్టర్ చెప్పిన వెంటనే, మధ్యలో ఆపకుండా నింపాలి. సగంలో ఆపితే అక్కడ గీత పడుతుంది. టైల్స్ అయితే ఇందుకు భిన్నం. అతికించిన జిగురు, గ్రౌట్ తయారీ సంస్థ ప్యాకెట్‌పై రాసిన గడువు పూర్తయ్యాకే నీళ్లు పట్టాలి.

నింపే ముందే నీటిని పరీక్షించండి

పీహెచ్ ఒక్కటే చూస్తే సగం సంగతే తెలుస్తుంది. మరో రెండు అంకెలు కావాలి.

మొత్తం ఆల్కలినిటీ: నీరు ఆమ్లాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతుంది. ఇది ఎక్కువగా ఉంటే పీహెచ్‌ను దించడం కష్టం. దించినా మళ్లీ త్వరగా పెరుగుతుంది. కొత్త పూల్‌కు 80 పీపీఎం దగ్గర ఉంటే మంచిది.

కాల్షియం కాఠిన్యం: నీటిలో ఇప్పటికే ఎంత కాల్షియం ఉందో చెబుతుంది. మరీ తక్కువైతే నీరు ప్లాస్టర్ నుంచి కాల్షియాన్ని లాగేసుకుంటుంది. మరీ ఎక్కువైతే పొర కడుతుంది. 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉంటే ఇబ్బంది ఉండదు.

ఈ మూడింటినీ నీటి ఉష్ణోగ్రతతో కలిపి లెక్కిస్తే నీరు సమతూకంలో ఉందో లేదో తెలుస్తుంది. దీన్ని లాంజెలియర్ సూచిక అంటారు. సున్నా దగ్గర ఉంటే మంచిది. ఉదాహరణకు 29 డిగ్రీల నీటిలో పీహెచ్ 7.5, ఆల్కలినిటీ 80, కాఠిన్యం 300 ఉంటే సూచిక దాదాపు సున్నా. అదే నీటిలో పీహెచ్ 8.2 అయితే సూచిక 0.7కు చేరి పొర కట్టడం మొదలవుతుంది. అలాగని పీహెచ్ 7.2, ఆల్కలినిటీ 60, కాఠిన్యం 100 ఉన్న నీరు మంచిదేం కాదు. దాని సూచిక సుమారు మైనస్ 0.9. అలాంటి నీరు కొత్త ప్లాస్టర్‌ను తినేస్తుంది.

హైదరాబాద్ నిలబడ్డది గ్రానైట్ నేల మీద. ఇక్కడి చాలా బోర్లలో నీరు కఠినంగా, ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటుంది. అలాంటి నీటికి కాల్షియం కలపాల్సిన పని ఉండదు కానీ యాసిడ్ ఎక్కువ పడుతుంది. బోరు, ట్యాంకర్, నల్లా నీరు మూడూ అందుబాటులో ఉంటే ఒక్కో సీసా పట్టి విడివిడిగా పరీక్ష చేయించండి. ఏ నీటితో నింపాలో అప్పుడు తేలుతుంది. నెల రోజుల యాసిడ్ ఖర్చు కంటే ఆ పరీక్షల ఖర్చే తక్కువ.

తొలి 28 రోజులు ఏ రోజు ఏం చేయాలి?

మొదటి రోజు: నీరు నిండగానే పంపు, ఫిల్టర్ ఆన్ చేసి 24 గంటలూ నడపండి. పీహెచ్, ఆల్కలినిటీ, కాఠిన్యం కొలిచి రాసుకోండి. ఆల్కలినిటీ ఎక్కువగా ఉంటే యాసిడ్‌తో దించడం మొదలుపెట్టండి. క్లోరిన్ వేయొద్దు.

రెండు, మూడు రోజులు: ఉదయం, సాయంత్రం పీహెచ్ చూడండి. 7.8 దాటితే 7.4-7.6కు దించండి. నైలాన్ బ్రష్‌తో గోడలు, మెట్లు, నేల మొత్తం రోజుకు కనీసం రెండుసార్లు రుద్దించండి. ఇనుప తీగల బ్రష్ వాడొద్దు. తొలి 48 గంటలు దాటాక, బకెట్ నీటిలో పూర్తిగా కరిగించిన క్లోరిన్‌ను కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు.

నాలుగు నుంచి 14 రోజులు: రోజూ పరీక్ష, రోజూ రెండుసార్లు బ్రష్. లేచిన పొడి ఫిల్టర్‌లోకి వెళ్తుంది. శుభ్రంగా ఉన్నప్పటి కంటే ప్రెషర్ 8-10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయించండి. కాఠిన్యం 150 పీపీఎం కంటే తక్కువుంటే ఈ దశలో కాల్షియం క్లోరైడ్‌తో నెమ్మదిగా పెంచాలి.

15 నుంచి 28 రోజులు: పీహెచ్ పెరిగే వేగం తగ్గుతుంటే పరీక్షను రోజు విడిచి రోజుకు మార్చొచ్చు. తగ్గకపోతే రోజూ కొనసాగించండి. చక్రాలున్న వాక్యూమ్ యంత్రాలు, ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే పరికరాలకు వాడే ఉప్పు ఈ 28 రోజులూ వద్దు. పొడి పూర్తిగా పోయేవరకు హీటర్ కూడా ఆన్ చేయొద్దు.

మీ కాంట్రాక్టర్ లేదా ప్లాస్టర్ తయారీ సంస్థ రాతపూర్వకంగా వేరే పద్ధతి ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. చాలా వారంటీలు ఆ షరతు మీదే నిలబడతాయి.

యాసిడ్ ఎంత వేయాలి? లెక్క ఇదీ

ముందు పూల్‌లో ఎన్ని లీటర్లు పడతాయో తెలియాలి. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో తీసుకుని గుణించి, వచ్చినదాన్ని 1,000తో హెచ్చించాలి. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న పూల్ ఒక చివర 0.9, మరో చివర 1.6 మీటర్ల లోతుతో వాలుగా ఉంటే సగటు లోతు 1.25 మీటర్లు. అంటే ఒక లక్ష లీటర్లు.

మార్కెట్‌లో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ గాఢత సాధారణంగా 30-33 శాతం. లక్ష లీటర్ల నీటికి సుమారుగా ఇలా పడుతుంది:

- ఆల్కలినిటీ 10 పీపీఎం తగ్గాలంటే 2 లీటర్లు.
- ఆల్కలినిటీ 100 ఉన్నప్పుడు పీహెచ్ 8.0 నుంచి 7.5కు దిగాలంటే 1 లీటరు.
- ఆల్కలినిటీ 200 ఉన్నప్పుడు అదే మార్పుకు 2 లీటర్లు.

ఇప్పుడు బోరు నీటి సంగతి చూడండి. ఆల్కలినిటీ 200 ఉన్న నీటిని 80కి తేవాలంటే మొత్తం 24 లీటర్ల యాసిడ్ కావాలి. ఇది ఒక్క రోజులో చేసే పని కాదు. ఒకేసారి పోస్తే పీహెచ్ పాతాళానికి పడిపోయి కొత్త ప్లాస్టర్ గరుకుగా మారుతుంది. ఒక దఫాకు పీహెచ్ 7.2 కంటే దిగకుండా చూసుకుంటూ వేయాలి. ఉపరితలం నుంచి వచ్చే సున్నం పీహెచ్‌ను మళ్లీ పెంచుతుంది. అప్పుడు ఇంకో దఫా వేయాలి. ఇలా కొన్ని రోజుల్లో ఆల్కలినిటీ దిగుతుంది. కొత్త పూల్‌లో ఎలాగూ రోజూ యాసిడ్ అవసరం కాబట్టి ఆ పనీ ఈ పనీ కలిసి సాగుతాయి.

లెక్కలో వచ్చిన మొత్తంలో ముందు మూడో వంతు తగ్గించి వేయండి. నాలుగైదు గంటలు పంపు నడిపాక మళ్లీ కొలిచి, మిగిలింది నిర్ణయించండి. తక్కువైతే ఇంకొంత వేయొచ్చు. ఎక్కువైతే వెనక్కి తీయలేం.

యాసిడ్‌తో జాగ్రత్తలు

పూల్ మరమ్మతులో అన్నింటికంటే ప్రమాదకరమైన పని ఇదే. చాలాచోట్ల దీన్ని చేసేది వాచ్‌మన్ లేదా రోజు కూలీకి వచ్చే పనివారు. వారికి రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు తగిన మాస్కు, బూట్లు ఇవ్వడం అసోసియేషన్ బాధ్యతగా తీసుకోవాలి.

- ముందు ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి, ఆ తర్వాత అందులో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చిమ్మి మీద పడుతుంది.
- పంపు నడుస్తుండగా, లోతు ఎక్కువున్న వైపు, నీరు తిరిగి పూల్‌లోకి వచ్చే చోట నెమ్మదిగా పోయాలి. మెట్ల దగ్గర, స్కిమ్మర్‌లో పోయకూడదు.
- గాలి వీచే దిక్కుకు ఎదురుగా నిలబడి పోయకూడదు. పూల్‌లో ఎవరూ ఉండకూడదు.
- యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, ఏ రకం క్లోరిన్‌తో గానీ కలపకూడదు. విష వాయువు వెలువడుతుంది. రెండింటినీ ఒకే గదిలో పక్కపక్కన పెట్టకూడదు. క్లోరిన్‌కు వాడిన మగ్గును యాసిడ్‌కు వాడకూడదు.
- బ్లీచింగ్ పౌడర్, టీసీసీఏ గుళికలు రెండూ క్లోరిన్ మందులే అయినా వాటిని కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. మంటలు, పేలుడు జరిగే ప్రమాదం ఉంది.

ఒంటి మీద లేదా కంట్లో యాసిడ్ పడితే వెంటనే ధారగా పారే నీటితో కనీసం 15-20 నిమిషాలు కడగాలి. తడిసిన బట్టలు తీసేయాలి. 108కి ఫోన్ చేయాలి. ‘విరుగుడు’ అంటూ సోడా పొడి, సున్నం రాయకూడదు.

యాసిడ్ కొనడానికీ నిబంధనలున్నాయి. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. కొనేవారు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు చూపించి, ఎందుకు కొంటున్నారో చెప్పాలి. దుకాణదారు ఆ వివరాలు రిజిస్టర్‌లో రాయాలి. కాబట్టి బిల్లు లేకుండా తెప్పించకండి. తెచ్చిన యాసిడ్‌ను తాళం వేసిన చోట ఉంచి, ఎంత వాడారో రాయించండి.

ఇవి చేయకండి

కొందరు పీహెచ్ తగ్గడానికి పటిక వేస్తారు. పటిక పని తేలే మురికిని కిందికి దింపడం. అది పీహెచ్ మందు కాదు. పీహెచ్ బాగా ఎక్కువున్న నీటిలో దాని అసలు పనే సరిగా జరగదు.

పాత అలవాటు కొద్దీ వారానికోసారి సోడా యాష్ లేదా వంట సోడా వేసే ఆపరేటర్లు ఉంటారు. కొత్త పూల్‌లో వెంటనే ఆపించండి. అవి పీహెచ్‌ను, ఆల్కలినిటీని పెంచేవే.

టీసీసీఏకు ఆమ్ల గుణం ఉంది కాబట్టి పీహెచ్ తగ్గుతుందని దాని గుళికలను నేరుగా నేల మీద చల్లడం ఇంకో పొరపాటు. అవి పడిన చోటల్లా కొత్త ఉపరితలం రంగు పోయి గుంతలు పడుతుంది. పొడి యాసిడ్‌గా దొరికే సోడియం బైసల్ఫేట్ కూడా కొత్త సిమెంటుకు మంచిది కాదు. అందులోని సల్ఫేట్ సిమెంటును దెబ్బతీస్తుంది.

నాచు రాకుండా మైలుతుత్తం వేయడం మన దగ్గర ఉన్న అలవాటే. పీహెచ్ ఎక్కువున్న నీటిలో అందులోని రాగి విడిపోయి నీలి, ఆకుపచ్చ మరకలు వేస్తుంది. తొలి నెలలో దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఇక నీళ్లన్నీ తీసేసి కొత్తగా నింపడం. సంపుకు పనికొచ్చిన ఉపాయం పూల్‌కు పనికిరాదు. లక్ష లీటర్లంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు పది. పైగా ప్లాస్టర్ ఎండకు ఆరి పగులుతుంది. కొత్త నీటిలోకి సున్నం మళ్లీ మొదటి నుంచి దిగుతుంది.

కొలతే తప్పైతే?

ఎక్కువ మంది వాడే ద్రవ కిట్‌లో పీహెచ్‌కు ఫీనాల్ రెడ్ అనే రంగు ద్రవం ఉంటుంది. అది సుమారు 8.2-8.4 వరకే సరిగా చెప్పగలదు. అసలు పీహెచ్ 9 ఉన్నా ముదురు రంగే చూపిస్తుంది. ‘8.4 అని వచ్చింది’ అంటే ‘8.4 లేదా అంతకంటే ఎక్కువ’ అని అర్థం చేసుకోవాలి. క్లోరిన్ 10 పీపీఎం దాటినప్పుడు కూడా ఈ ద్రవం ఊదా రంగుకు తిరిగి, లేని పీహెచ్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. డిజిటల్ మీటర్ వాడేవారు దాన్ని 7, 10 పీహెచ్ ద్రావణాలతో తరచూ సరిచూసుకోవాలి.

నమూనాను ఉపరితలం మీద నుంచి తీయకండి. మోచేతి లోతు నుంచి, నీరు తిరిగి వచ్చే పైపుకు దూరంగా తీయండి. కిట్ ద్రవాల గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టిన సీసాను నమ్మొద్దు.

నెల దాటినా తగ్గకపోతే?

అప్పుడు తప్పు కొత్త సిమెంటుదే కాకపోవచ్చు. ఆల్కలినిటీ ఎక్కువున్న నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి వెళ్లిపోతుంటే పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. జలపాతాలు, ఫౌంటెన్లు, పిల్లల పూల్‌లోని చిమ్మే పరికరాలు, ఉప్పు క్లోరిన్ యంత్రాలు నీటిని కలియబెట్టి దీన్ని వేగవంతం చేస్తాయి. ఎండకు ఆవిరైన నీటి స్థానంలో రోజూ పోసే బోరు నీరు ఆల్కలినిటీని మళ్లీ పెంచుతుంది.

కారణం తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పూల్ నీటిని ఒక సీసాలో గాలి లేకుండా అంచు వరకు నింపి మూత బిగించండి. అదే నీటిని ఒక బకెట్‌లో తీసుకుని మూత లేకుండా ఉంచి, అప్పుడప్పుడు కలపండి. రెండింటినీ నీడలో పెట్టి మర్నాడు పీహెచ్ కొలవండి. ఈ 24 గంటలూ పూల్‌లో ఏ మందూ వేయకండి.

- సీసాలో మారకుండా, బకెట్‌లోనూ పూల్‌లోనూ ఒకేలా పెరిగితే కారణం గాల్లోకి పోతున్న వాయువు. ఆల్కలినిటీని 60-80కి దించండి, ఫౌంటెన్లు నడిపే గంటలు తగ్గించండి.
- సీసా, బకెట్ రెండింటి కంటే పూల్‌లో చాలా ఎక్కువగా పెరిగితే, ముందు ఫౌంటెన్లు ఆపి మరోసారి చేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే, పూల్‌లో ఆల్కలినిటీ కూడా పెరుగుతుంటే ఉపరితలం నుంచి ఇంకా సున్నం వస్తోందని అర్థం. కాంట్రాక్టర్‌ను పిలిపించాల్సింది ఇప్పుడు.

ఈతకు ఎప్పుడు తెరవాలి?

పని పూర్తయిన తేదీని కాదు, ఈ నాలుగింటినీ చూడండి. పీహెచ్ 7.2-7.8 మధ్య ఉండాలి. క్లోరిన్ కనీసం 1 పీపీఎం, సైనూరిక్ ఆమ్లం ఉన్న నీటిలో కనీసం 2 పీపీఎం ఉండాలి. యాసిడ్ వేశాక నీరు బాగా కలిసి, మళ్లీ కొలిచి ఉండాలి. గట్టు మీద నిలబడి చూస్తే లోతైన చోట అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించాలి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ సరిగా ఉన్నా పూల్ మూసే ఉంచాలి.

సెలవులు మొదలయ్యాయి, పిల్లలు అడుగుతున్నారని తొలి వారంలోనే తెరవాలన్న ఒత్తిడి ప్రతి అసోసియేషన్ మీదా ఉంటుంది. మరమ్మతును ఒక నెల ముందుకు జరిపి ఫిబ్రవరిలోనే నీళ్లు నింపుకుంటే ఆ ఒత్తిడి ఉండదు.

మీరు ఏం అడగొచ్చు?

అపార్ట్‌మెంట్ వాసులైతే పని ఒప్పందంలోనే మూడు విషయాలు రాయించండి. తొలి 28 రోజులు నీటి పరీక్ష, బ్రష్ పని ఎవరు చేయాలి? యాసిడ్ ఖర్చు ఎవరిది? రోజువారీ అంకెల రిజిస్టర్ ఎవరి దగ్గర ఉంటుంది? తర్వాత ఉపరితలం పాడైతే కాంట్రాక్టర్ ‘మీరు నీటిని సరిగా చూసుకోలేదు’ అనొచ్చు. మీరు ‘పని బాగాలేదు’ అనొచ్చు. అప్పుడు తేల్చేది ఆ రిజిస్టరే. తేదీ, సమయం, పీహెచ్, ఆల్కలినిటీ, క్లోరిన్, వేసిన మందు, సంతకం ఉంటే చాలు.

మున్సిపల్ కొలనుకు వెళ్లేవారైతే ఆ రోజు పీహెచ్, క్లోరిన్ ఎంత ఉన్నాయో టికెట్ కౌంటర్ దగ్గర అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం-2005 కింద నీటి పరీక్షల రికార్డు నకలు కోరుతూ కార్పొరేషన్‌లోని పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయొచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లలను ఈత శిక్షణకు చేర్పించే ముందు ఈ ప్రశ్న వేయడానికి మాత్రం దరఖాస్తు అక్కర్లేదు. రోజూ నీటిని కొలిచేచోట జవాబు వెంటనే వస్తుంది.